భీమిలి బడుల బోర్డుల వెనుక

ప్రభుత్వ బడుల పునర్వ్యవస్థీకరణ ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ విశాఖ దగ్గరి భీమునిపట్నం (భీమిలి) వంటి చిన్న పట్టణంలో ముందుగా తేలవలసింది ఫలానా బడి ఎవరిదన్న సంగతే. మున్సిపల్, మండల పరిషత్, జిల్లా పరిషత్, ప్రభుత్వ, ఎయిడెడ్ అంటూ ఇక్కడి బోర్డులపై కనిపించే మాటలకు చదువుతో పెద్దగా సంబంధం లేదు. ఏ కాలంలో ఏ సంస్థ ఆ బడి ఖర్చు భరించిందో అవి చెబుతాయి.

సర్కారు డబ్బు రాకముందు ఉన్నవి వీధి బడులు. గవర్నర్ థామస్ మన్రో 1822లో కలెక్టర్ల ద్వారా లెక్కలు తెప్పించగా మద్రాసు ప్రెసిడెన్సీ మొత్తంలో 12,498 బడులు, వాటిలో 1,88,650 మంది పిల్లలు తేలారు. ఇంటి అరుగే బడి. పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దేవారు, పంతులుగారికి కుటుంబాలే డబ్బో ధాన్యమో ముట్టజెప్పేవి. లండన్ మిషనరీ సొసైటీ వారు 1805లోనే విశాఖపట్నం చేరి బడి తెరిచినా, ఈ ఏర్పాటు అంత త్వరగా మారలేదు.

మార్పు 1854లో విద్యపై చార్లెస్ వుడ్ పంపిన తాఖీదుతో మొదలైంది. ప్రైవేటు యాజమాన్యాలకు గ్రాంటు ఇచ్చి, ఇన్‌స్పెక్టర్ల చేత తనిఖీ చేయించే పద్ధతి దాని నుంచే వచ్చింది. నేటి ఎయిడెడ్ బడులకు మూలం అదే. గోగునార ఎగుమతితో పేరు మోసిన రేవు భీమిలికి 1861లోనే మున్సిపాలిటీ వచ్చింది. ఆ తర్వాత 1884లో వచ్చిన రెండు చట్టాలు పట్టణాలను మున్సిపాలిటీలకూ, పల్లెలను జిల్లా, తాలూకా బోర్డులకూ అప్పగించడంతో ఊరి పొలిమేరే బడి యాజమాన్యానికీ హద్దయింది. గీతకు ఇవతలి బడికి పట్టణ పన్నుల డబ్బు, అవతలి దానికి బోర్డు డబ్బు. 1920 నాటి ప్రాథమిక విద్యా చట్టం స్థానిక సంస్థల బాధ్యతను పెంచిందే తప్ప ఆ గీతను చెరపలేదు.

ఆ బడుల్లో ఏ తెలుగు చెప్పాలన్న వివాదం కూడా ఈ ప్రాంతంలోనే రాజుకుంది. 1906లో ఉత్తర సర్కారుల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జె.ఎ. యేట్స్ పుస్తకాల భాషకూ పిల్లల మాటకూ ఉన్న దూరం ఏమిటని అడిగాడు. గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావు, విశాఖ ఏవీఎన్ కళాశాల ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగార్ ఆ చర్చను ముందుకు తీసుకెళ్లారు. తనిఖీకి వచ్చిన అధికారి వేసిన ప్రశ్న ఒక భాషోద్యమానికి దారితీయడం మన విద్యా చరిత్రలో అరుదు.

1959లో పంచాయతీరాజ్ వచ్చాక బోర్డు బడులు పంచాయతీ సమితి, జిల్లా పరిషత్ బడులయ్యాయి. 1986 మండల వ్యవస్థతో సమితి పోయి మండల పరిషత్ వచ్చింది. గోడ అదే, సున్నం అదే, పేరొక్కటే మారింది. పాతవాళ్లు మాత్రం ఇప్పటికీ సమితి బడి అనే అంటారు.

నగరం విస్తరించాక చిక్కు మరింత బిగిసింది. 2005లో గాజువాక మున్సిపాలిటీతో పాటు 32 గ్రామాలను కలిపి జీవీఎంసీ (మహా విశాఖ నగరపాలక సంస్థ) ఏర్పడింది, తర్వాత భీమిలి కూడా అందులో చేరింది. పరిపాలన మారినా బడుల యాజమాన్యం మారలేదు. మధురవాడ దగ్గర చంద్రంపాలెం హైస్కూలు నగరం నడుమ ఉన్నా జిల్లా పరిషత్‌దే. మున్సిపల్ టీచర్లకూ పంచాయతీరాజ్ టీచర్లకూ ప్రభుత్వ టీచర్లకూ వేర్వేరు సీనియారిటీ జాబితాలు ఉండటం వల్ల పదోన్నతులు, బదిలీలు వేర్వేరు దారుల్లో నడిచాయి; ఏకీకృత సర్వీసు నిబంధనల వ్యవహారం ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగింది.

ఇటీవలి వివాదాలన్నీ ఈ పునాది మీదే లేచాయి. 2021లో ఎయిడెడ్ విద్యాసంస్థల సిబ్బందిని, ఆస్తులను ప్రభుత్వానికి అప్పగించాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు విశాఖలో తల్లిదండ్రులు రోడ్డెక్కారు. 2022 జూన్‌లో వచ్చిన జీవో 117 ప్రకారం కిలోమీటరు లోపు హైస్కూలు ఉంటే 3, 4, 5 తరగతుల పిల్లలు అక్కడికి వెళ్లాల్సి వచ్చింది. సబ్జెక్టు టీచర్లతో చదువు బాగుపడుతుందన్నది దాని వాదన, అందులో బలం లేకపోలేదు. కానీ కాగితం మీద కిలోమీటరు చిన్నదే అయినా, మధ్యలో జాతీయ రహదారి ఉంటే ఎనిమిదేళ్ల పిల్లను ఒంటరిగా పంపడానికి ఏ తల్లీ ఒప్పుకోదు. అటు ఒకటి, రెండు తరగతులు మిగిలిన చోట బడి ఒక్క టీచరుతో సరిపెట్టుకుంది. 2025లో ఆ జీవోను రద్దు చేసి, బడులను తొమ్మిది రకాలుగా విభజించి, తరగతికో టీచరుండే మోడల్ ప్రాథమిక పాఠశాలలను తెచ్చారు.

మున్సిపల్ బడుల పర్యవేక్షణ 2022లోనే పాఠశాల విద్యాశాఖకు బదిలీ అయింది, స్థలాలు, భవనాలు మాత్రం స్థానిక సంస్థల పేరనే ఉండిపోయాయి. కాబట్టి భీమిలిలో ఒక మున్సిపల్ బడి గోడ బీటలు వారితే అడగవలసింది కార్పొరేషన్‌ను, అదే గదిలో టీచరు లేకపోతే అడగవలసింది విద్యాశాఖను.