ఒక్కరోజులో వైజాగ్: కారు తిప్పేవాడిగా నేను రోజూ వినే అపోహలు, అసలు సంగతులు

"అన్నా, గోదావరి ఎక్స్‌ప్రెస్‌కి పొద్దున్నే దిగుతాం. అరకు, బొర్రా, కైలాసగిరి, సబ్‌మెరైన్, భీమిలి చూపించి రాత్రి రైలెక్కించెయ్." వారంలో నాలుగు ఫోన్లు ఇలాంటివే వస్తాయి. పిల్లలతో, పెద్దవాళ్లతో ఎంతో ఆశపడి వచ్చే కుటుంబాలు ఇవి. వాళ్ల రోజు కారు సీట్లోనే అయిపోకూడదని నా తాపత్రయం. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: పొద్దున అరకు, సాయంత్రం బీచ్ రోడ్డు చుట్టేయొచ్చు.

వైజాగ్ నుంచి అరకు దాదాపు 115 కిలోమీటర్లు. దూరం చూస్తే రెండు గంటలే అనిపిస్తుంది. కానీ ఎస్.కోట దాటాక ఘాట్ మొదలవుతుంది, అక్కడి నుంచి మలుపులే. ఆగకుండా వెళ్లినా మూడు గంటల పైనే. మధ్యలో పక్కకు తిరిగి బొర్రా గుహలకి వెళ్లి, అన్ని మెట్లు దిగి మళ్లీ ఎక్కేసరికి పెద్దవాళ్లకి కాళ్లు పట్టేస్తాయి. నా మాట వింటే ఒక రోజుకి ఒకటే దిక్కు పెట్టుకోండి. ఒక్కరోజే ఉంటే బీచ్ రోడ్డు పట్టుకుని భీమిలి దాకా వెళ్లి రండి. ఇందులో నాకు బాగా నచ్చే సంగతొకటుంది. బొర్రా దగ్గర పారే గోస్తనీ నదే చివరికి భీమిలిలో సముద్రంలో కలుస్తుంది. అరకు ఇంకోసారి పెట్టుకున్నా ఆ నది నీళ్లు మాత్రం చూసి వెళ్తారు.

అపోహ: ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్‌లో వేస్తే పెట్రోలు మిగులుతుంది.

దీని గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. సొంత కారులో వచ్చేవాళ్లలో చాలామంది చేసే తప్పు ఇదే. ఇప్పటి ఇంజెక్షన్ ఇంజన్లలో, బండి గేరులో ఉండగా యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంధనం దాదాపుగా ఆగిపోతుంది. న్యూట్రల్‌లో అయితే ఇంజన్ ఆగిపోకుండా ఉండటానికి తాగుతూనే ఉంటుంది. అంటే మిగిలేది ఏమీ లేదు. పైగా ఇంజన్ పట్టు పోయి, బండి బరువంతా బ్రేకుల మీద పడుతుంది. బ్రేకులు వేడెక్కి లోపలి ద్రవం మరిగిందంటే పెడల్ మెత్తగా లోపలికి వెళ్లిపోతుంది, బండి మాత్రం ఆగదు.

ఒకసారి అనంతగిరి దిగుతుంటే ఒక మలుపులో ఓ కుటుంబం కారు పక్కకి తీసి నిలబడి ఉంది. ముందు చక్రం నుంచి సన్నగా పొగ, మాడిన వాసన. ఆయన చేతిలో నీళ్ల బాటిల్, మూత తీసేశాడు. పరిగెత్తుకెళ్లి చెయ్యి పట్టుకున్నాను. ఎర్రగా కాలిన డిస్క్ మీద చల్లటి నీళ్లు పోస్తే అది వంకరపోవచ్చు, పగలొచ్చు. ముప్పావు గంట అలాగే చల్లారనిచ్చి, తర్వాత రెండో గేరులో మెల్లగా నా వెనకే దిగమన్నాను. ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగమని మాకు నేర్పిన పెద్ద డ్రైవర్లు ఊరికే చెప్పలేదు.

అపోహ: ఖాళీ కడుపుతో ఘాట్ ఎక్కితే వాంతులు కావు.

ఖాళీ కడుపుకి తిప్పటం ఇంకా ఎక్కువ. రెండు ఇడ్లీలు తినిపించండి చాలు, నూనె పూరీలు వద్దు. కారు మలుపులు తిరుగుతోందని చెవి లోపలి భాగం చెబుతుంటే, ఫోన్ చూస్తున్న కళ్లు ఏమీ కదలట్లేదంటాయి. ఆ గందరగోళమే వాంతికి కారణం. అందుకే పిల్లల చేతిలోంచి ఫోన్ తీసేసి, దూరంగా ఉన్న కొండని చూడమనండి. కడుపులో తిప్పే పెద్దవాళ్లుంటే ముందు సీటు వాళ్లకే ఇవ్వండి.

అపోహ: అలలు తక్కువగా ఉన్నచోట దిగితే భయం లేదు.

చుట్టూ అలలు విరుగుతూ, మధ్యలో ఒకచోట మాత్రం నీళ్లు ప్రశాంతంగా కనిపిస్తే, చాలాసార్లు అక్కడే నీరు వెనక్కి, లోపలికి లాగుతుంది. రిప్ కరెంట్ అంటారు. మోకాలి లోతులో నిలబడ్డ మనిషికి కూడా కాళ్ల కింద ఇసుక జారిపోతుంది. అందులో చిక్కితే ఒడ్డుకి ఎదురీదకూడదు, బలమంతా అయిపోతుంది. తీరానికి సమాంతరంగా పక్కకి ఈది బయటపడాలి. ఆర్కే బీచ్‌లో పాదాలు తడుపుకోండి, అంతే. రుషికొండ బీచ్‌కి 2020లో బ్లూ ఫ్లాగ్ (శుభ్రంగా, భద్రంగా ఉండే బీచ్‌లకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు) వచ్చింది కదా అంటారు. అలాగని అక్కడ తీరం అంతా ఈతకి పనికొస్తుందని కాదు. లైఫ్‌గార్డులు హద్దు పెట్టినచోటే దిగాలి, వాళ్లు ఈల వేస్తే వెంటనే బయటికి రావాలి. దీనికి మాత్రం నేను ఎవరికీ మొహమాటపడను.

అపోహ: బీచ్‌లో ఉన్న సబ్‌మెరైన్ ఉత్త నమూనా. లేదా, పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీని ముంచింది ఇదే.

రెండూ తప్పే. కుర్‌సురా అసలు సిసలు జలాంతర్గామి. 1969లో నౌకాదళంలో చేరి 2001 వరకు పనిచేసింది, 2002లో మ్యూజియం అయింది. పొడవు 91 మీటర్ల పైనే. 1971 యుద్ధంలో అది గస్తీ కాసింది అరేబియా సముద్రంలో. ఘాజీ మునిగింది మన వైజాగ్ తీరంలో, దాన్ని ముంచిన ఘనత మన నౌకాదళం ఇచ్చింది ఐఎన్ఎస్ రాజ్‌పుత్ అనే యుద్ధనౌకకి. లోపల ఒక గదిలోంచి ఇంకో గదిలోకి గుండ్రటి కంతలోంచి వంగి కాలు దాటించాలి. మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మలకి ఈ సంగతి టికెట్ తీసుకోకముందే చెప్పండి. సోమవారం సెలవు, జూ పార్కుకి కూడా అంతే.

అపోహ: సాయంత్రం బీచ్‌లో సూర్యుడు సముద్రంలో మునగడం చూడొచ్చు.

మనది తూర్పు తీరం. సూర్యుడు సముద్రంలోంచి వస్తాడు, కొండల వెనక్కి దిగుతాడు. జూన్‌లో ఐదున్నర లోపే, జనవరిలో ఆరున్నర దగ్గర్లో ఉదయిస్తాడు. రైలు దిగగానే హోటల్‌కి కాకుండా ముందు బీచ్‌కి పొమ్మంటాను. సాయంత్రం కైలాసగిరి ఎక్కండి.

ఇంకో రెండు చిన్న అపోహలు. లంబసింగి అనే కొండ ఊళ్లో కనిపించేది పొగమంచే, కాశ్మీర్‌లో కురిసే మంచు కాదు. సింహాచలంలో చందనం పూత కింద ఉన్నది వరాహ నరసింహస్వామి, శివలింగం కాదు. నిజరూప దర్శనం ఏడాదికి ఒక్కసారి, అక్షయ తృతీయ రోజే.

చివరిగా, భీమిలి దారిలో ఉండే ఎర్రమట్టి దిబ్బలు. మామూలు మట్టే కదా, కాస్త తీసుకెళ్తే ఏమవుతుందని అనుకుంటారు. వేల ఏళ్లలో గాలి, నీరు, సముద్రం కలిసి పేర్చిన దిబ్బలవి. ఇలాంటివి తమిళనాడు, శ్రీలంకల్లో తప్ప మన చుట్టుపక్కల ఎక్కడా లేవు. అది రక్షిత స్థలం, మట్టి తియ్యకూడదు. మొన్న ఓ బాబు ఖాళీ బాటిల్లో సగం దాకా నింపేశాడు. విషయం చెప్పాను. వాడు ఒక్క క్షణం ఆలోచించి, తీసినచోటికే వెనక్కి నడిచి, గింజ మిగలకుండా ఒంచేసి, అరచేత్తో సదును చేసి వచ్చాడు.