మూసిన కిటికీకి పన్నే కారణమా? ఫ్రెంచి పాత ఊళ్లపై అపోహలు - వాస్తవాలు

ఫ్రాన్స్‌కి వచ్చే మనవాళ్లకి పాత పట్టణాల సందులు తిప్పి చూపించడం నా పని. "ఆ కిటికీ ఎందుకు మూసేశారండీ?" అని అడుగుతారు. జవాబు కూడా వాళ్లే చెప్పేస్తారు, ఎక్కడో విని.

అపోహ: ఇటుకలతో మూసిన కిటికీ అంటే పన్ను ఎగ్గొట్టిన ఇల్లు.

వాస్తవం: పన్ను నిజమే. 1798లో వేశారు, 1926లో తీసేశారు. తలుపులూ కిటికీలూ లెక్కపెట్టి మరీ వసూలు చేసేవారు. కొందరు మూసుకున్న మాటా నిజమే. కానీ ద్వారం పైన చెక్కిన సంవత్సరం 1798 కంటే పాతదైతే ఆగి ఆలోచించాలి. ఆ కాలంలో ఇంటి ముఖం రెండువైపులా ఒకేలా ఉండాలని పట్టుబట్టేవారు. లోపల పొగగొట్టమో మెట్లో అడ్డొచ్చిన చోట కిటికీ కుదరదు. వదిలేస్తే బయటికి బోసిగా ఉంటుంది. అందుకని చుట్టూ చట్రం చెక్కి, మధ్యలో గోడే కట్టేసేవారు. కొన్నిటిమీద తలుపురెక్కలు కూడా రంగులతో వేశారు. దగ్గరికెళ్లి చూడండి: మధ్యలో రాళ్ల వరసలు పక్క గోడతో కలిసిపోతే అది పుట్టు గుడ్డి కిటికీ. వరసలు తెగి, వేరే ఇటుక కనిపిస్తే తర్వాత మూసింది. అప్పుడైనా పన్నే కారణమని తేల్చేయకూడదు, లోపల గదులు మార్చుకున్నా కిటికీ పోతుంది.

అపోహ: పై అంతస్తులు వీధి మీదికి రావడం నేల పన్ను తప్పించుకోడానికి.

మళ్లీ పన్నే! ఇక్కడ ఏ వింత కట్టడానికైనా ఒక పన్ను కథ సిద్ధంగా ఉంటుంది. ఒక్కో అంతస్తుకీ వేరే చెక్క చట్రం బిగించేవారు కాబట్టి పొట్టి దూలాలు సరిపోయేవి. ఇరుకు స్థలంలో పైన చోటు కలిసొచ్చేది, వాన కింది గోడని తడపకుండా బయట పడేది. ట్రువా పట్టణంలో 1524 అగ్నిప్రమాదం తర్వాత కట్టిన ఇళ్ల మధ్య పిల్లుల సందు చూడండి. ఒక కప్పు మీంచి ఎదుటి కప్పు మీదికి పిల్లి దూకేస్తుందని ఆ పేరు.

అలాంటి ఇళ్లలో చెక్క బయటికి కనిపిస్తే అదే అసలు రూపమనుకోవద్దు. నిప్పు భయానికీ, రాతి ఇల్లులా కనిపించాలనీ చాలావాటికి తర్వాత గార పూశారు. దూలం మీద చిన్న చిన్న గొడ్డలి గాట్లుంటే అవి గార పట్టడానికి పెట్టినవే. దాన్ని ఊడదీసింది ఈమధ్య కాలంలో.

అపోహ: లియోన్‌లోని ట్రబూల్స్ రెండో ప్రపంచయుద్ధంలో నాజీలని ఎదిరించిన ప్రతిఘటన దళాల కోసం తవ్విన సొరంగాలు.

వాస్తవం: అవి సొరంగాలే కావు, ఇళ్ల లోపలి నుంచి పోయే దారులు. దళాలు వాడుకున్నాయి, అంతే. పాత లియోన్‌లో వీధులన్నీ సోన్ నది వెంట పొడుగ్గా సాగుతాయి, అడ్డవీధులు తక్కువ. అందుకే ఇళ్లలోంచే అడ్డదారులు. క్రువా-రూస్ గుట్ట మీదివి చాలావరకు 19వ శతాబ్దపు పట్టు నేతగాళ్ల ఇళ్లలోవి. ఎత్తైన జకార్డ్ మగ్గం (పట్టులో బొమ్మలు నేసేది) పట్టాలని అక్కడ కప్పు దాదాపు 4 మీటర్ల ఎత్తు. జనం కాపురముండే చోట్లు, మాటలు మెల్లగా.

అపోహ: గోడ మీది ఇనుప బిళ్ల నీళ్ల కంపెనీది.

కొన్ని అవే. మునిసిపల్ భవనం, చర్చి, వంతెనల మీద మీటర్లలో సంఖ్య ఉన్న బిళ్ల కనబడితే మాత్రం అది సముద్రమట్టం నుంచి ఎత్తు. తొలి విడత కొలతలు 1857-64లో బుర్దలూ అనే ఇంజనీరు తీసినవి. తర్వాత లల్మాఁ అనే మరో ఇంజనీరు హయాంలో మార్సెయ్ రేవులోని అలల కొలమాన కేంద్రాన్ని బట్టి, ఎత్తులు లెక్కపెట్టే సున్నా మట్టాన్ని మార్చారు. అందుకే పాత సంఖ్య, కొత్త సంఖ్య కలవవు. నాకైతే సగం కేథడ్రల్‌ల కంటే ఇవే ముద్దు.

అపోహ: పాత కాగితాలు చూడాలంటే ప్రొఫెసరై ఉండాలి.

జిల్లా ఆర్కైవ్స్‌లో ఎవరైనా కూర్చోవచ్చు. 1807 తర్వాత గీసిన నెపోలియన్ కాలపు భూమి పటాలు చాలావరకు ఇంటర్నెట్‌లో ఉచితం. ఇళ్లకి గులాబీ రంగు, నీళ్లకి నీలం. యానాం పాత జనన మరణ పుస్తకాల కోసమూ ఇక్కడి ఎక్స్-ఆన్-ప్రోవాన్స్ ఊళ్లోని ఆర్కైవ్స్ చూడొచ్చు. ఏ పాత ఊరు చూడబోతున్నా, బయల్దేరే ముందే దాని భూమి పటం ఫోన్‌లో దింపుకోండి. మీకు నచ్చిన ఇల్లు అందులో లేదంటే, గైడ్ దాన్ని మధ్యయుగంలోకి తోసినప్పుడు అడ్డుపడొచ్చు.