క్లస్టర్ తలనొప్పికి మ్యాజిక్ మష్రూమ్ మందవుతుందా?

16 ఏళ్ల వయసులో క్లస్టర్ తలనొప్పి ఉందని తేలిన ఒకతను 22 నుంచి 24 ఏళ్ల మధ్య సరదాకి ఎల్‌ఎస్‌డీ అనే, భ్రాంతులు కలిగించే మత్తుమందు వాడాడు. ఆ రెండేళ్లూ తలనొప్పి జాడే లేదు. అమెరికాలోని మెక్లీన్ ఆసుపత్రి పరిశోధకులకు ఈ సంగతి విచిత్రంగా అనిపించింది. ఇలాంటివాళ్లు ఇంకా ఎవరైనా ఉన్నారేమోనని వెతికితే 53 మంది దొరికారు. కొందరు ఎల్‌ఎస్‌డీ, ఎక్కువమంది మ్యాజిక్ మష్రూమ్స్ అనే మత్తు పుట్టగొడుగులు వాడినవాళ్లు. ఆ పుట్టగొడుగుల్లో పనిచేసే పదార్థం పేరు సైలోసైబిన్. నొప్పి మొదలయ్యాక దాన్ని వాడిన 26 మందిలో 22 మంది, ఆ నొప్పి అక్కడికక్కడే ఆగిపోయిందన్నారు. ఎల్‌ఎస్‌డీ వాడిన 8 మందిలో ఏడుగురు, వారాల తరబడి సాగాల్సిన నొప్పుల సీజనే ముగిసిపోయిందన్నారు. 2006లో ఈ వివరాలు న్యూరాలజీ పత్రికలో అచ్చయ్యాయి.

ఈ అంకెలు చూసి ఎగిరి గంతేయాల్సిన పని లేదు. రోగుల సంఘాల ద్వారా వెతికినప్పుడు, మేలు జరిగినవాళ్లే ముందుకొచ్చి చెబుతారు. వాడినా తగ్గనివాడు పనిగట్టుకుని ఫోన్ చేసి ఎందుకు చెబుతాడు? పైగా ఈ జబ్బు చాలామందిలో కొన్ని వారాలు వేధించి దానంతటదే పోతుంది. చివర్లో ఏం మింగితే దానికే పేరొస్తుంది. అయినా పరిశోధకులు దీన్ని వదిలిపెట్టకపోవడానికి కారణం ఆ జబ్బు తీరులోనే ఉంది.

క్లస్టర్ తలనొప్పి వెయ్యిమందిలో ఒకరికి వస్తుందని అంచనా. ఆ లెక్క మనకూ వర్తిస్తే, 2011 నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభాలోనే 80 వేల పైచిలుకు మంది ఉండాలి. నొప్పి ఎప్పుడూ ఒక పక్కనే, కంటి చుట్టూ, కణత దగ్గర వస్తుంది. ఆ పక్క కన్ను ఎర్రబడి నీళ్లు కారుతుంది, రెప్ప వాలిపోతుంది, ముక్కు బిగుసుకుంటుంది. 15 నిమిషాల నుంచి 3 గంటల దాకా ఉంటుంది. రోజుకు ఎనిమిది సార్లు కూడా రావచ్చు. మైగ్రేన్ వచ్చినవాళ్లు లైట్లు ఆర్పేసి, కదలకుండా పడుకుంటారు. క్లస్టర్ వచ్చినవాళ్లు ఒకచోట కూర్చోలేరు. అర్ధరాత్రి హాల్లో ఆ గోడ నుంచి ఈ గోడకు నడుస్తూ, పిడికిలితో కణత మీద కొట్టుకుంటూ ఉంటారు. గోడకు తల బాదుకునేవాళ్లూ ఉన్నారు. దీనికి ‘ఆత్మహత్య తలనొప్పి’ అనే పేరు ఊరికే రాలేదు. ముక్కు, కన్ను, పైదవడ అన్నీ కలగలిసి నొప్పెట్టడంతో సైనస్ అనుకుని ఏళ్ల తరబడి మందులు మింగినవాళ్లు, బాగున్న పళ్లు పీకించుకున్నవాళ్లు ప్రపంచమంతటా ఉన్నారు.

అసలు వింత టైమింగ్‌లో ఉంది. రోగుల్లో దాదాపు 70 శాతం మందికి అలారం పెట్టినట్టు రోజూ ఒకే వేళకు, ఎక్కువగా నిద్రపట్టిన గంటా రెండు గంటలకు వస్తుంది. కొందరికి ఏటా ఒకే రుతువులో మొదలై, ఆరు నుంచి పన్నెండు వారాలు సాగి, మళ్లీ ఏడాది దాకా మాయమవుతుంది. ఒంట్లో నిద్ర, ఆకలి, హార్మోన్ల వేళలు చూసుకునేది మెదడు అడుగున ఉండే హైపోథాలమస్. 1998లో లండన్ పరిశోధకులు నొప్పి నడుస్తున్నప్పుడు మెదడులో ఏ భాగం పనిచేస్తోందో చూపించే పెట్ స్కాన్ చేసి చూస్తే, హైపోథాలమస్ వెనక భాగం చురుగ్గా కనిపించింది. ముఖం నొప్పిని మోసే ట్రైజెమినల్ నరానికీ, కన్నీళ్లు కార్పించే నరాలకూ ఆదేశాలు అక్కడి నుంచే వెళ్తున్నాయా, లేక అది కూడా ఆ గందరగోళంలో ఒక భాగమా అన్నది ఇంకా తేలలేదు. కానీ గడియారం ఎక్కడుందో మాత్రం దొరికింది.

ఇక ఎల్‌ఎస్‌డీకీ తలనొప్పికీ ఏమిటి సంబంధం? చుట్టరికం పాతదే. రై ధాన్యం కంకులకు ఎర్గాట్ అనే బూజు పడుతుంది. మన సజ్జ కంకులకు పట్టే తేనెబంక తెగులు దానికి దగ్గరి చుట్టం. స్విట్జర్లాండ్‌లోని సాండోజ్ కంపెనీలో 1918లో ఆర్థర్ స్టోల్ ఎర్గాట్ నుంచి ఎర్గోటమిన్ విడదీశాడు. మైగ్రేన్‌కు అది దశాబ్దాల పాటు పెద్ద మందు. అదే కంపెనీలో, అదే ఎర్గాట్ రసాయనాలతో పనిచేస్తూ 1938లో ఆల్బర్ట్ హాఫ్మన్ ఎల్‌ఎస్‌డీ తయారుచేశాడు. దాని ప్రభావం ఏమిటో 1943లో తన ఒంటిమీదే తెలిసింది. సైలోసైబిన్‌ను 1958లో విడదీసిందీ ఆయనే. ఎల్‌ఎస్‌డీకి రసాయనపరంగా దగ్గరి బంధువైన మెథిసెర్జైడ్‌ను మైగ్రేన్ రాకుండా, క్లస్టర్ రాకుండా డాక్టర్లు చాలాకాలం రాశారు. కిడ్నీల చుట్టూ, గుండె కవాటాల మీద పీచులాంటి కణజాలం పెరుగుతోందని తేలాక అది మూలనపడింది. ఇప్పుడు మైగ్రేన్‌కు, క్లస్టర్‌కు అందరూ వాడే సుమాట్రిప్టాన్ నిర్మాణం కూడా సైలోసైబిన్‌కు దూరం కాదు. అన్నీ సెరటోనిన్ అనే మెదడు రసాయనాన్ని అందుకునే రిసెప్టర్ల మీద పనిచేసేవే, కాకపోతే ఒక్కోటి ఒక్కో రకం రిసెప్టర్‌ను ఎంచుకుంటుంది. పోలీసు కేసుల వార్తల్లో తప్ప ఎల్‌ఎస్‌డీ పేరు వినని మనకు ఇది వింతగా ఉంటుంది గానీ, మందుల చరిత్ర తెలిసినవాళ్లకు అంత వింతేం కాదు.

ఇక్కడే నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించిన ప్రయోగం ఒకటుంది. ఎల్‌ఎస్‌డీ అణువుకు ఒక బ్రోమిన్ తగిలిస్తే బ్రోమో-ఎల్‌ఎస్‌డీ అవుతుంది. రూపం దాదాపు అదే, భ్రాంతులు మాత్రం రావు. 1950ల్లో ఎల్‌ఎస్‌డీ పరిశోధనల్లో దాన్ని పోల్చిచూడ్డానికి వాడేవారు. జర్మనీలోని హనోవర్ వైద్యులు దాన్ని ఐదుగురు క్లస్టర్ రోగులకు ఐదు రోజులకొకటి చొప్పున మూడు డోసులు ఇచ్చి, నొప్పులు బాగా తగ్గాయని 2010లో రాశారు. ఐదుగురంటే ఏమీ కాదు. ప్లాసిబో, అంటే ఉత్తుత్తి మందుతో పోల్చి చూడనూ లేదు. కానీ ప్రశ్న మాత్రం సూటిగా తగిలింది: రంగులూ దృశ్యాలూ కనిపించకుండానే నొప్పి తగ్గితే, సైలోసైబిన్‌తో చేసే డిప్రెషన్ వైద్యంలో చెప్పే ‘లోతైన అనుభవం’తో ఇక్కడ పనేముంది?

అసలైన పరీక్ష యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకురాలు ఎమాన్యుయెల్ షిండ్లర్ బృందం చేసింది. మోతాదు, ఎడం వాళ్లు ఏ వైద్య గ్రంథంలోంచీ తీసుకోలేదు. రోగులు తమలో తాము ఏళ్ల తరబడి ప్రయత్నించి కుదుర్చుకున్న పద్ధతినే తీసుకున్నారు: తక్కువ మోతాదు, ఐదు రోజుల ఎడం, మూడు సార్లు. ఐదు రోజుల ఎడానికి కారణం ఉంది. ఈ మందులకు ఒళ్లు వెంటనే అలవాటు పడిపోతుంది, వరసగా వేసుకుంటే పని చేయవు. 70 కిలోల మనిషికి 10 మిల్లీగ్రాముల లెక్కన సైలోసైబిన్ ఇచ్చారు. డిప్రెషన్ పరీక్షల్లో ఇచ్చేది 25. కొందరికి అసలు మందు, కొందరికి ప్లాసిబో. అందరూ రెండు వారాల ముందు నుంచీ తలనొప్పి డైరీ రాశారు.

2022లో ఫలితాలు వచ్చాయి. లెక్కలోకి వచ్చింది 14 మందే. అసలు మందు తీసుకున్నవాళ్లలో వారానికి సగటున 3 నొప్పులు తగ్గాయి, ప్లాసిబో వాళ్లలో మార్పు లేదు. వినడానికి బాగుంది. కానీ ఇంత కొద్దిమందిలో ఆ తేడా అదృష్టం కొద్దీ కూడా రావచ్చు, గణాంకాల పరీక్షలో అది నిలబడలేదు. మందు వేసుకున్నప్పుడు మనసు మీద ఎంత ప్రభావం కనిపించిందో, నొప్పి అంత తగ్గిందని చెప్పడానికి మాత్రం ఆధారం దొరకలేదు. హనోవర్ అనుమానానికి ఇది కాస్త బలం. అదే బృందం కనీసం ఆరు నెలల తర్వాత 10 మందికి మరో విడత ఇస్తే, వారానికి 18 దాకా ఉన్న నొప్పులు 10కి దిగాయి. ఈసారి తేడా గణాంకాల పరీక్షకు నిలిచింది గానీ, పోల్చి చూడ్డానికి ప్లాసిబో లేదు. కోపెన్‌హాగెన్‌లో విరామం దాదాపు లేకుండా సాగే దీర్ఘకాలిక రకం ఉన్న 10 మందికి వారానికొకటిగా మూడు డోసులు ఇస్తే నొప్పులు 31 శాతం తగ్గాయి. ఒకరికి 21 వారాలు అసలు రాలేదు. అక్కడా ప్లాసిబో లేదు.

ఈ రంగంలో పెద్ద తలనొప్పి ఇదే. సైలోసైబిన్ తీసుకున్న మనిషికి తను ఏం తీసుకున్నాడో తక్కువ మోతాదులో కూడా చాలావరకు తెలిసిపోతుంది. ప్లాసిబో దక్కినవాడికి నిరాశ, మందు దక్కినవాడికి ఆశ. భ్రాంతులు రాని బ్రోమో-ఎల్‌ఎస్‌డీ లాంటి వాటిని పెద్ద సంఖ్యలో రోగులకిచ్చి పరీక్షిస్తే ఈ చిక్కు చాలావరకు విడిపోతుంది. నన్నడిగితే డబ్బు అటు పెట్టాలి.

కొన్ని గంటల్లో ఒంట్లోంచి పోయే పదార్థం నెలల పాటు నొప్పుల్ని ఎలా ఆపుతుంది? కోపెన్‌హాగెన్ వాళ్లు స్కాన్లలో హైపోథాలమస్‌కూ మెదడులోని ఇతర భాగాలకూ మధ్య సంబంధాల్లో మార్పు చూశారు. ఆ మార్పుకూ నొప్పి తగ్గడానికీ ముడి ఉన్నట్టు కనిపించింది. 10 మందిలో చూసింది కాబట్టి ఇప్పటికి అది ఊహకు ఆధారం మాత్రమే.

ఇది చదివి ఎవరైనా సొంత ప్రయోగానికి దిగితే ప్రమాదం చాలా వైపుల నుంచి వస్తుంది. క్లస్టర్ నివారణకు కొందరికి లిథియం రాస్తారు. లిథియం వాడుతూ సైకెడెలిక్స్ (ఎల్‌ఎస్‌డీ, సైలోసైబిన్ లాంటివి) తీసుకున్నామని జనం రాసుకున్న అనుభవాలను జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు పోగుచేస్తే, సగానికి దగ్గరగా ఫిట్స్ ప్రస్తావనే. సైకోసిస్ (లేనివి ఉన్నట్టు అనిపించే మానసిక జబ్బు), బైపోలార్ ఉన్నవాళ్లకు, ఇంట్లో ఎవరికైనా అవి ఉన్నవాళ్లకు ఈ మందులు ప్రమాదకరం. అడవి పుట్టగొడుగుల్లో చూడ్డానికి అలాగే ఉండి లివర్‌ను తినేసేవి ఉన్నాయి. చట్టం సంగతి సరే సరి: మాదకద్రవ్యాల మీద ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టం కింద ఎల్‌ఎస్‌డీ, సైలోసైబిన్ రెండూ నిషిద్ధం. ఎల్‌ఎస్‌డీ 0.1 గ్రాము దొరికితే చాలు, వాణిజ్య పరిమాణం కిందికి వస్తుంది. కనీసం పదేళ్ల జైలు.

పుట్టగొడుగుల కథకు వచ్చే హెడ్‌లైన్లు ఆక్సిజన్‌కు రావు. 2009లో లండన్‌లో జరిగిన పరీక్షలో, నొప్పి మొదలవగానే నిమిషానికి 12 లీటర్ల చొప్పున 15 నిమిషాలు స్వచ్ఛమైన ఆక్సిజన్ పీల్చినప్పుడు 78 శాతం నొప్పులు తగ్గాయి. మామూలు గాలికి తగ్గింది 20 శాతమే. సుమాట్రిప్టాన్ ఇంజెక్షన్ కూడా నిమిషాల్లో పనిచేస్తుంది. సీజన్ మొత్తాన్ని అణచడానికి వెరాపమిల్ అనే గుండె మందు ఉంది, ఈసీజీ తీస్తూ డోసు పెంచుతారు. కోవిడ్ రెండో వేవ్‌లో కొన్న కాన్సంట్రేటర్ ఇంట్లో ఉంది కదా అనుకోవద్దు, వాటిలో ఎక్కువ భాగం 5 లీటర్లవి, ఈ పనికి చాలవు. సిలిండర్, 15 లీటర్ల దాకా తిరిగే రెగ్యులేటర్, సంచి ఉన్న నాన్-రీబ్రీదర్ మాస్క్ కావాలి. న్యూరాలజిస్టును అడిగితే ప్రిస్క్రిప్షన్ రాస్తారు. క్లస్టర్ ఉన్నవాళ్లలో సిగరెట్ అలవాటు ఎక్కువ కాబట్టి ఇంకోమాట: సిలిండర్ ఉన్న గదిలో అగ్గిపుల్ల గీయకూడదు.