ముడి లేకపోయినా బొంత కుట్టు ఎందుకు ఊడదు?

పాత చీరలతో కుట్టిన బొంతను గురించి ఒక పాఠకురాలు ఇలా అడిగారు: "మా అమ్మమ్మ కుట్టిన బొంతలో దారం చాలాచోట్ల తెగిపోయింది. తెగిన కొసలు పైకి కనిపిస్తున్నాయి. కానీ ఏ కొసను పట్టుకుని లాగినా దారం బయటికి రాదు, తెగుతుందే తప్ప జారదు. వెతికినా ఎక్కడా ముడి కనిపించలేదు. మరి ఈ కుట్టును పట్టి ఉంచుతున్నది ఏమిటి?" ఇంత నిశితంగా బొంతను చూసిన వారికి వివరమైన సమాధానమే ఇవ్వాలి.

బొంత వెచ్చగా ఎందుకు ఉంటుందో చాలామందికి తెలిసినదే కనుక (పొరల నడుమ కదలకుండా నిలిచిన గాలే దానికి కారణం) ఆ సంగతిని వదిలి నేరుగా కుట్టు దగ్గరికి వద్దాం. బెంగాల్ కాంథా అయినా, మహారాష్ట్ర గోధడీ అయినా, ఉత్తర కర్ణాటక కౌదీ అయినా, మన బొంత అయినా పని మౌలికంగా ఒకటే. నాలుగైదు పాత బట్టలను ముడతలు లేకుండా ఒకదానిపై ఒకటి పరచి, అంచు మడిచి, సూదిని పై నుంచి కిందికి, కింది నుంచి పైకి దించుతూ ఎత్తుతూ వరుసలు వేస్తారు. కుట్లన్నిటిలో ఇది అతి సులువైనది. చూడడానికి ఇంత బలహీనంగా కనిపించే ఈ కుట్టులో దాగి ఉన్న బలం నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరుస్తుంది.

గేదెను పట్టుకున్న మనిషిని గమనించండి. అది బలంగా గుంజుకున్నప్పుడు అతడు పలుపును చేతితో ఆపడానికి చూడడు. దగ్గరలోని గుంజకు రెండు చుట్లు తిప్పి కొసను పట్టుకుంటాడు. అంతటితో గేదె ఆగిపోతుంది. ఇక్కడ గేదెను ఆపినది అతని బలం కాదు, పలుపుకూ గుంజకూ మధ్య ఉన్న ఘర్షణ. 18వ శతాబ్దంలో లియొనార్డ్ ఆయిలర్ అనే గణితశాస్త్రవేత్త దీనికి ఒక సూత్రం కట్టాడు. తాడుకూ గుంజకూ మధ్య ఘర్షణ గుణకాన్ని (రెండు తలాలు ఒకదానినొకటి ఎంతగా పట్టుకుంటాయో చెప్పే సంఖ్యను), తాడు చుట్టుకున్న కోణంతో (రేడియన్లలో; ఒక పూర్తి చుట్టు అంటే 6.28 రేడియన్లు) గుణించి, వచ్చిన లబ్ధాన్ని 2.718 అనే సంఖ్యకు ఘాతాంకంగా వేస్తే, కొస దగ్గర మనం పట్టిన బలం అవతలి వైపు ఎన్ని రెట్లవుతుందో తెలుస్తుంది. ఘర్షణ గుణకం 0.3 అనుకుంటే ఒక చుట్టుకు 6.6 రెట్లు, రెండు చుట్లకు 43 రెట్లు, మూడు చుట్లకు సుమారు 285 రెట్లు వస్తుంది. ఒక్కొక్క చుట్టు బలాన్ని కూడదు, హెచ్చవేస్తుంది.

ఈ సూత్రంలో లేని అంశాలను గమనిస్తేనే దాని అందం తెలుస్తుంది. గుంజ లావు ఎంతో అది అడగదు. తాడు మొత్తం ఒకే గుంజకు చుట్టుకుందా, వేరువేరు గుంజల మీదుగా కొంచెం కొంచెంగా వంగిందా అని కూడా అడగదు. కుడికి వంగినా, ఎడమకు వంగినా లెక్క ఒకటే; మొత్తం ఎన్ని డిగ్రీలు వంగిందన్నదే దానికి కావాలి. ఇప్పుడు బొంతలోని ఒక్క కుట్టును దగ్గరగా చూడండి. బొంత మీద పడుకున్న దారం 90 డిగ్రీలు వంగి కిందికి దిగుతుంది. అడుగున మళ్లీ 90 డిగ్రీలు వంగి పడుకుంటుంది. కొంత దూరం పోయి 90 డిగ్రీలు వంగి పైకి లేస్తుంది. పైకి వచ్చి మరో 90 డిగ్రీలు వంగి పడుకుంటుంది. నాలుగు వంపులూ కలిస్తే 360 డిగ్రీలు. అంటే సూది ఒకసారి దిగి ఒకసారి లేస్తే, దారం గుంజకు ఒక చుట్టు చుట్టుకున్నట్టే. ఇక్కడ గుంజ స్థానంలో ఉన్నవి చీర నేతలోని సన్నని పడుగు (నిలువు), పేక (అడ్డ) పోగులు.

పైన అర సెంటీమీటరు, అడుగున అర సెంటీమీటరు చొప్పున కుట్టిన బొంతలో ఐదు కుట్లు బెత్తెడు మేర కూడా ఉండవు. ఆ ఐదింటికీ లెక్క వేస్తే 6.6 రెట్లు ఐదుసార్లు హెచ్చి 12,000 రెట్లు దాటుతుంది. ఒక కిలో బరువుకు తెగే దారం అనుకుంటే, దానిని తెగేంత బలంతో లాగినా జారకుండా ఉండడానికి ఐదు కుట్ల అవతల కావలసిన పట్టు 0.08 గ్రాములు, అంటే మూడు నాలుగు బియ్యపు గింజల బరువు. ఆ కొద్దిపాటి పట్టు మాత్రం తప్పక ఉండాలి, ఎందుకంటే సున్నను ఎన్ని రెట్లు చేసినా సున్నే. నూలు దారం మీద లేచి ఉన్న నూగు, దానిని అన్ని వైపుల నుంచీ నొక్కుతున్న బట్ట ఆ పట్టును ఇస్తాయి. బట్ట మెత్తనిది, దారానికి కొంత బిరుసుదనం ఉంటుంది కనుక ఈ అంకెలను అంచనాలుగానే తీసుకోవాలి. అయినా ఆ బొంతలో దారం జారకముందే ఎందుకు తెగుతున్నదో చెప్పడానికి ఇవి చాలు.

బడిలో ఘర్షణను మనం ఎక్కువగా నష్టంగానే నేర్పుతాం; లెక్కల్లో కప్పీలన్నీ ఘర్షణ లేనివే. ఒక గుడ్డ ముక్క, సూదీ దారం పిల్లల చేతికిచ్చి, ఒక కుట్టు వేసి లాగమని, తర్వాత రెండు, ఆపై ఐదు వేసి లాగమని చెబితే, ఘాతాంకం అన్న మాట వాళ్లకు వేళ్ల చివర అర్థమవుతుంది. ఇంత చౌకైన ప్రయోగం భౌతికశాస్త్రంలో మరొకటి ఉందనుకోను.

ఇంత ఘర్షణ ఉంటే కుట్టేటప్పుడు దారం అంత తేలికగా ఎలా సాగుతుంది? చేయి తిరిగిన వారు కుట్టడం చూస్తే సమాధానం దొరుకుతుంది. వాళ్లు ఒక్కొక్క కుట్టుకూ సూదిని లాగరు. బట్టను అలలలా ముడుస్తూ నాలుగైదు కుట్లను సూది మీదికి ఎక్కించుకుని ఒక్కసారిగా లాగుతారు. ఆ క్షణంలో వంగి ఉన్నది బట్ట, దారం దాదాపు తిన్నగా ఉంటుంది. వంపు లేదు కనుక ఘర్షణ హెచ్చదు. తర్వాత బొటనవేలితో బట్టను సాపు చేయగానే బట్టలోని వంపులు దారంలోకి వస్తాయి, కుట్టు బిగుస్తుంది. సూత్రం పేరు తెలియకుండానే సూత్రాన్ని రెండు వైపులా వాడుకున్న నేర్పు అది.

పల్చటి గుడ్డ విషయంలో లెక్క తారుమారవుతుంది. ఒకే పొర ఉన్న గుడ్డలో దారం నిటారుగా దిగదు, ఏటవాలుగా పోతుంది. కుట్టుకు మొత్తం వంపు 120 డిగ్రీలే అనుకుంటే ఐదు కుట్లకు వచ్చేది 23 రెట్లు మాత్రమే. దర్జీలు కొలత నిలపడానికి వేసే కచ్చా కుట్టును పొడవుగా వేసేది ఇందుకే. పని అయ్యాక ఒక్క లాగుతో అది వచ్చేయాలి. జాకెట్టు చేతి అంచు వంటి చోట కొసన వెనక్కి తిరిగి రెండు కుట్లు వేయమనేదీ ఇందుకే. దారం నునుపుదైతే పట్టు ఇంకా తగ్గుతుంది: గుణకం 0.3 నుంచి 0.2కు పడితే, బొంతలోని ఐదు కుట్ల పట్టు 12,000 రెట్ల నుంచి 535 రెట్లకు దిగిపోతుంది.

బియ్యం బస్తా మూతి కుట్టు దీనికి పూర్తిగా భిన్నమైనది. సరైన వైపు కొస దొరికితే మూతి అంతా ఒక్క ఊపులో విప్పుకుంటుంది. అది గొలుసు కుట్టు. ప్రతి ఉచ్చును దాని తర్వాతి ఉచ్చు మాత్రమే పట్టి ఉంచుతుంది కనుక, చివరిది విడితే ఒకదాని వెంట ఒకటి విడిపోతాయి.

బొంత దారం కూడా లోలోపల ఇదే ఘర్షణతో నిలిచి ఉంది. పత్తి పీచు పొడవు సాధారణంగా రెండు నుంచి నాలుగు సెంటీమీటర్లు. దారం మైళ్ల కొద్దీ సాగుతుంది. పొట్టి పీచులతో పొడవైన తాడు ఎలా నిలుస్తుందన్న ప్రశ్నను గెలీలియో 1638లో అచ్చయిన తన గ్రంథంలోనే చర్చించాడు. పురి పెట్టినప్పుడు పీచులు ఒకదానికొకటి చుట్టుకుంటాయి, లాగిన కొద్దీ ఒకదానినొకటి మరింత గట్టిగా నొక్కుకుంటాయి. 2018లో వారెన్, బాల్, గోల్డ్‌స్టీన్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు దీనికి గణితరూపం ఇచ్చి, పీచుల మధ్య ఘర్షణ ఒక హద్దు దాటగానే పోగు మొత్తం ఒకటిగా బిగుసుకుంటుందని చూపించారు. ఆ హద్దుకు ఇవతల పీచులు జారిపోతాయి. అవతల, పోగు తెగాలంటే పీచులే తెగాలి.

దీపాలు పెట్టాక సూది ఇవ్వకూడదన్న నమ్మకం మన ఇళ్లలో ఇంకా ఉంది. నూనె దీపం వెలుతురులో జారిపడిన సూది పిల్లల పాదాల్లో దిగే ప్రమాదం ఆ కాలంలో నిజమైనదే కావచ్చు. కానీ విద్యుద్దీపం కింద ఆ నమ్మకాన్ని కాపాడవలసిన అవసరం నాకు కనిపించదు. చిరుగు చిన్నగా ఉన్నప్పుడే, రాత్రి అయినా, కుట్టడం మేలు.

ఆ పాఠకురాలి బొంతను బాగు చేయడానికి పాత కుట్టును విప్పవద్దు. తెగిన చోటికి ఐదారు కుట్ల ముందు నుంచి పాత వరుస పక్కనే కొత్త దారాన్ని మొదలుపెట్టి, తెగిన అవతలి కొస దాటాక మరో ఐదారు కుట్లు వేసి, మిగిలిన దారాన్ని పొరల మధ్యకు దూర్చి వదిలేస్తే చాలు, ముడి అక్కర్లేదు. అయితే ఒక జాగ్రత్త ఉంది. లాగిన బలంలో 85 శాతాన్ని మొదటి కుట్టులోని నాలుగు వంపులే మోస్తాయి. ఆ కుట్టు నలిగిపోయిన బట్టలో పడితే బట్టే చిరుగుతుంది. కాబట్టి చిరుగు అంచున కాక, గట్టి బట్ట దొరికేంత దూరం జరిగి మొదలుపెట్టాలి. దారం కూడా బట్ట కన్నా బలమైనది కాకూడదు. తెగవలసి వస్తే మళ్లీ కుట్టుకోగల దారమే తెగాలి.

బట్ట చివికిన చోట మాసిక వేయాలంటే పాత చీర ముక్కే మంచిది. కొత్త గుడ్డ మాసిక పాత వస్త్రాన్ని చింపుతుందని మార్కు సువార్తలో కూడా ఉంది. తడిసినప్పుడు పత్తి పీచు అడ్డంగా ఉబ్బుతుంది, పొడవులో పెద్దగా మారదు. పోగు లావెక్కితే దానిని చుట్టి వచ్చే అవతలి పోగు మరింత దూరం తిరగాలి. ఆ అదనపు పొడవు గుడ్డ కొలతలో నుంచే పోతుంది కనుక గుడ్డ కుంచించుకుపోతుంది. పాత చీరలో ఈ సర్దుబాటు ఎన్నో ఉతుకులకు ముందే అయిపోయి ఉంటుంది. పాతది దొరక్క కొత్త గుడ్డే వాడవలసి వస్తే, దానిని ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి, గంజి పోయేలా రెండు మూడుసార్లు ఉతికి ఆరవేసి, దాని పడుగు బొంత పడుగు వైపే ఉండేలా పెట్టి కుట్టాలి.