లెఫ్టినెంట్ హోదా: అపోహలు - వాస్తవాలు

పదాతిదళంలో పనిచేసినవాణ్ణి కాబట్టి, సైన్యంలో చేరాలనుకునే పిల్లలూ వాళ్ల తల్లిదండ్రులూ నన్ను తరచూ హోదాల గురించి అడుగుతుంటారు. ఎక్కువ పొరపాట్లు లెఫ్టినెంట్ దగ్గరే జరుగుతున్నాయి.

అపోహ: లెఫ్టినెంట్ అంటే ఇంకా శిక్షణలో ఉన్నవాడు.

కానే కాదు. భారత సైన్యంలో కమిషన్ పొందిన అధికారి తొలి హోదా అది. భుజాన రెండు నక్షత్రాలు పెట్టుకున్ననాటి నుంచి అతడు పూర్తిస్థాయి అధికారి. సాధారణంగా రెండేళ్లకు కెప్టెన్ అవుతాడు. ఒకప్పుడు దీని కింద ఒకే నక్షత్రంతో సెకండ్ లెఫ్టినెంట్ హోదా ఉండేది, ఇప్పుడు లేదు. 1971 యుద్ధంలో బసంతర్ నది దగ్గర, మంటలంటుకున్న ట్యాంకును వదిలి రమ్మన్నా వినకుండా పోరాడి, మరణానంతరం పరమవీర చక్ర పొందిన అరుణ్ ఖేత్రపాల్ సెకండ్ లెఫ్టినెంటే. అప్పటికి ఆయన వయసు 21 ఏళ్లు. చిన్న హోదా కదా అని తేలిగ్గా మాట్లాడేవారికి ముందుగా ఆయన పేరే చెబుతాను.

అపోహ: సుబేదార్‌కూ రెండు నక్షత్రాలే, కాబట్టి ఇద్దరూ సమానం.

దగ్గరగా చూడండి. సుబేదార్ భుజాన నక్షత్రాలతో పాటు అడ్డంగా ఒక రంగుల పట్టీ ఉంటుంది. జవానుగా చేరి, ఏళ్ల తరబడి పనిచేసి ఎదిగిన జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్ (జేసీవో) ఆయన. హోదాలో లెఫ్టినెంటే పైన. అందుకే తండ్రి వయసున్న సుబేదార్ కుర్ర లెఫ్టినెంట్‌కు సెల్యూట్ చేస్తారు. ఆ లెఫ్టినెంట్ మాత్రం ఆయన్ను పేరు పెట్టి పిలవడు, ‘సాబ్’ అంటాడు. ఏ జవాను ఇంట్లో ఏ కష్టం ఉందో, ఎవరు కాలినొప్పి దాచుకుని నడుస్తున్నారో ఆయనకే ముందు తెలుస్తుంది. ఆయన్ను సలహా అడగడం నామోషీ అనుకునే లెఫ్టినెంట్‌ను నేను మంచి అధికారి అనను. విశిష్ట సేవ చేసిన జేసీవోలకు గౌరవ లెఫ్టినెంట్, గౌరవ కెప్టెన్ హోదాలు కూడా ఇస్తారు. సియాచిన్ వీరుడు బానా సింగ్ గౌరవ కెప్టెన్‌గా పదవీ విరమణ చేశారు.

అపోహ: త్రివిధ దళాల్లో లెఫ్టినెంట్ ఒకే స్థాయి.

నౌకాదళ లెఫ్టినెంట్ సైన్యంలో కెప్టెన్‌తో సమానం. సైన్యంలో లెఫ్టినెంట్‌కు సరిజోడు నౌకాదళంలో సబ్ లెఫ్టినెంట్, వాయుసేనలో ఫ్లయింగ్ ఆఫీసర్.

అపోహ: మేజర్ పెద్ద కాబట్టి, మేజర్ జనరల్ లెఫ్టినెంట్ జనరల్ కంటే పెద్ద.

లెఫ్టినెంట్ జనరలే పెద్ద. మేజర్ జనరల్ హోదాను పూర్వం సార్జెంట్ మేజర్ జనరల్ అనేవారు. సార్జెంట్ మేజర్ అంటే లెఫ్టినెంట్ కంటే కిందివాడే. ముందున్న ‘సార్జెంట్’ కాలక్రమంలో పోయింది, పై కింది వరస మాత్రం మారలేదు.

అపోహ: పదవీ విరమణ చేసినవారి హోదా పక్కనే ‘రిటైర్డ్’ అని రాయాలి.

ముందు హోదా, తర్వాత పేరు, ఆ తర్వాతే ‘రిటైర్డ్’. శుభలేఖలు అచ్చుకు ఇచ్చేముందు ఈ వరస ఒకసారి సరిచూసుకోండి.