టికెట్ వెనక రాసిన బాకీ

ఇరవై రూపాయల టీకి ఫోన్‌తో డబ్బులు కొట్టడం మనకి ఎప్పుడో అలవాటైపోయింది. అదే ఫోన్ జేబులో పెట్టుకుని బస్సెక్కితే మాత్రం "చిల్లర తీయండమ్మా, చిల్లర" అన్న కేక ఇంకా చాలాచోట్ల వినిపిస్తూనే ఉంది. కారు లేకుండా బస్సు, ఆటో, మెట్రోల మీద బతుకు నెట్టుకొచ్చేవాళ్లకి ఇది రోజూ ఉండే టెన్షన్. ఇంటి దగ్గర బయల్దేరేటప్పుడే మొదలవుతుంది. మా అమ్మ అయితే బస్సు కోసమే ఖాళీ పౌడరు డబ్బాలో రూపాయి, రెండు రూపాయల బిళ్లలు దాచేది, వాటిని ఇంట్లో ఇంకెవరూ ముట్టుకోవడానికి లేదు.

హైదరాబాద్‌లో సర్కారు బస్సులు 1932లో నిజాం రైల్వే కింద 27 బండ్లతో, 166 మంది సిబ్బందితో మొదలయ్యాయి. ఏపీఎస్‌ఆర్టీసీ పుట్టింది 1958 జనవరి 11న. దానికి తొమ్మిది నెలల ముందే, 1957 ఏప్రిల్ 1న, దేశంలో అణాల లెక్క పోయి నయా పైసలు వచ్చాయి, అంటే మన ఆర్టీసీ పుట్టుకతోనే కొత్త చిల్లరతో వేగాల్సి వచ్చింది. ఆ తర్వాత చాలాకాలం కండక్టరు చేతిలో రకరకాల ధరల టికెట్ల కట్టలుండేవి, ఒక్క ప్రయాణికుడికే రెండు మూడు చింపి ఇచ్చేవాళ్లు. తర్వాత టిమ్ములు, అంటే టికెట్ కొట్టే చిన్న మెషీన్లు, వచ్చి ఎంత చార్జీ అయినా ఒకే కాగితం మీద కొట్టేస్తున్నాయి. టికెట్ ఇవ్వడం తేలికైంది కానీ ఆ మెషీన్‌లోంచి చిల్లర రాదు కదా.

పదిహేడు రూపాయల టికెట్‌కి యాభై నోటిస్తే ఏమవుతుందో బస్సెక్కేవాళ్లందరికీ తెలుసు. కండక్టరు చెవి మీది పెన్ను తీసి, టికెట్ వెనక 33 అని రాసి, చుట్టూ సున్నా చుట్టి ఇచ్చేస్తాడు. ఇక స్టాపు వచ్చేదాకా కిటికీలోంచి బయటికి చూడబుద్ధి కాదు, ధ్యాసంతా ఆయన ఏ సీటు దగ్గరున్నాడా అనే. దిగే హడావిడిలో మర్చిపోతే ఆ డబ్బు పోయినట్టే. లేదంటే ముక్కూ మొహం తెలియని ఇద్దర్ని కలిపి ఒకే నోటు చేతిలో పెట్టి "దిగాక పంచుకోండి" అంటాడు. అప్పుడు ఆ ఇద్దరూ రోడ్డు పక్కన కిళ్లీ కొట్టు వెతుక్కోవాలి.

ఇందులో కండక్టర్లని తిట్టడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది. డ్యూటీ ఎక్కేముందు సొంత డబ్బు ఎంతుందో రాయాలి, డిపోలో పైసాతో సహా లెక్క అప్పజెప్పాలి, తగ్గితే తన జేబులోంచే వేసుకోవాలి. పైగా నాణేలే కరువు. పావలా, అంతకంటే చిన్న బిళ్లలు 2011 జూన్ 30తో చెల్లకుండా పోయాయి. అర్ధరూపాయి చట్టప్రకారం చెల్లుతుంది కానీ తీసుకునేవాడే లేడు. పది రూపాయల బిళ్ల చెల్లదని ఎవరు పుట్టించారో గానీ ఆ పుకారు ఎంత పాకిందంటే, అన్ని రకాలూ చెల్లుతాయని 2018 జనవరిలో రిజర్వు బ్యాంకే ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది. ఆ తర్వాత కూడా దాన్ని చూసి మొహం తిప్పుకున్న షేర్ ఆటోలున్నాయి.

2016 ఏప్రిల్‌లో యూపీఐ వచ్చింది, ఆ నవంబరు 8న పెద్ద నోట్లు రద్దయ్యాయి. ఆ రెండూ కలిసి కూరగాయల బండిదాకా ఫోన్ చెల్లింపుల్ని తీసుకెళ్లాయి. 2017 నవంబరులో మొదలైన హైదరాబాద్ మెట్రో టోకెన్లతో, స్మార్ట్ కార్డులతోనే వచ్చింది, 2022 అక్టోబరుకి వాట్సాప్‌లోనే టికెట్ ఇవ్వడం మొదలుపెట్టింది. బస్సు వెనకబడిందని నవ్వేవాళ్లు ఒకటి గమనించాలి. మెట్రోలో డబ్బు కట్టాకే గేటు తెరుచుకుంటుంది, అక్కడ ఎవరికీ తొందర లేదు. బస్సులో అయితే ముందు మనిషి ఎక్కేస్తాడు, తర్వాత టికెట్. కిక్కిరిసిన బండిలో, తర్వాతి స్టేజీ వచ్చేలోపు అందరికీ టికెట్లు కొట్టాలి. ఒకరి ఫోన్‌లో చక్రం తిరుగుతూ కూర్చుంటే వెనకున్న ఇరవైమంది ఆగిపోతారు.

అందుకే ఆర్టీసీ ముందు వేరే దారి పట్టింది. 2022 మార్చిలో తెలంగాణ పల్లెవెలుగు చార్జీల్ని చిల్లర గొడవ లేకుండా ఐదుల లెక్కకి సర్దారు. 2023 డిసెంబరు 9న తెలంగాణలో, 2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్లకి ఉచిత ప్రయాణం వచ్చాక, సగానికి సగం మంది దగ్గర చిల్లర మాటే లేకుండా పోయింది. గుర్తింపు కార్డు చూపిస్తే జీరో టికెట్. చిల్లర బాధ తీర్చడం కోసం తెచ్చిన పథకం కాదు, కానీ ఏ యాప్ వల్లా అంత తేడా రాలేదనేది నా గట్టి నమ్మకం.

ఇప్పుడు క్యూఆర్ చూపించే కొత్త టిమ్ములు డిపోల వారీగా వస్తున్నాయి. రావాలి, ఇంకా తొందరగా రావాలి. కానీ నోట్లు తీసుకోవడం మానేస్తే మాత్రం ఒప్పుకోకూడదు. బటన్ల ఫోన్‌తో తిరిగే పెద్దాయన, సిగ్నల్ అందని ఊరి రూటు, సాయంత్రానికి చార్జింగ్ అయిపోయిన కూలీ, వీళ్లందరిదీ అదే బస్సు.

మొన్న ఒక పాత పుస్తకం తీస్తే పేజీల మధ్య బస్సు టికెట్ దొరికింది. మెషీన్ కొట్టిన తేదీ, ఊరు, చార్జీ అన్నీ వెలిసిపోయి తెల్లకాగితం అయిపోయాయి. వెనక పెన్నుతో రాసి సున్నా చుట్టిన 8 మాత్రం అలాగే ఉంది.