ఒక పిల్లి, రెండు పిల్లులు: సింగులర్, ప్లూరల్ చుట్టూ ఉన్న అపోహలు

ఒకటి, రెండు తరగతులకు ఇంగ్లీషు చెప్తాను. సింగులర్ (ఏకవచనం), ప్లూరల్ (బహువచనం) గురించి పేరెంట్స్ మీటింగులో ఏటా అవే మాటలు వినబడతాయి. వాటిలో కొన్ని ఒకప్పుడు నేనూ నమ్మినవే.

అపోహ: పిల్లలకి ప్లూరల్ అంటే ఏమిటో తెలియదు. ముందు రూల్ చెప్పి, లిస్టు బట్టీ పట్టించాలి.

వాస్తవం: బడికి వచ్చేసరికే ఏ పిల్లయినా ఇంట్లో పిల్లి–పిల్లులు, ఇల్లు–ఇళ్ళు, కన్ను–కళ్ళు, చెయ్యి–చేతులు అనేస్తూ ఉంటుంది. ఎవరైనా కూర్చోబెట్టి నేర్పారా? ‘చెయ్యి’ నుంచి ‘చేతులు’ రాబట్టగలిగిన బుర్రకి ‘క్యాట్’ నుంచి ‘క్యాట్స్’ రాబట్టడం ఎంత పని! 1958లో జీన్ బెర్కో అనే అమెరికన్ పరిశోధకురాలు నాలుగు నుంచి ఏడేళ్ళ పిల్లలకి పిట్టలాంటి ఒక బొమ్మ చూపించి, ఇది ‘వగ్’ అని చెప్పింది. అలాంటివి రెండుంటే ఏమనాలని అడిగితే నూటికి 91 మంది ‘వగ్స్’ అన్నారు. అలాంటి మాటే భాషలో లేదు, బట్టీ పట్టే అవకాశమూ లేదు.

అదే పరీక్షలో ‘టాస్’ అనే మరో ఉత్తుత్తి మాటని ‘టాసెస్’ అనగలిగినవాళ్ళు మాత్రం 36 శాతమే. ‘గ్లాసెస్’ అని తప్పులేకుండా అన్న పిల్లలే అక్కడ తడబడ్డారు. పుట్టినప్పటి నుంచీ ఇంగ్లీషు వింటున్న పిల్లల పరిస్థితే అది. మన పిల్లలు ‘టూ బస్’ అని ఆగిపోతే కంగారు పడాల్సిన పని లేదు.

అపోహ: ఎస్, ఎస్‌హెచ్, సీహెచ్, ఎక్స్ చివరుంటే ‘ఈఎస్’ చేర్చాలి. ఇది వస్తే చాలు.

వాస్తవం: రాయడానికి పనికొస్తుంది, పలకడానికి చాలదు. ‘ఆరెంజ్’కి చేరేది ఒక్క ఎస్సే, పలికేటప్పుడు మాత్రం ‘ఆరెంజెస్’ అని ఒక చప్పుడు పెరుగుతుంది. ‘హౌస్’, ‘రోజ్’ కూడా అంతే. అందుకే నేను పలక పక్కన పెట్టించి చప్పట్లు కొట్టిస్తాను. బస్ అంటే ఒక చప్పట, బ-సెస్ అంటే రెండు. బుక్‌కీ ఒకటే, బుక్స్‌కీ ఒకటే. రెండు వారాలు ఈ ఆట ఆడాక స్పెల్లింగు రూల్ చెప్తే, ‘అది మాకు తెలుసు టీచర్’ అన్నట్టు చూస్తారు.

అపోహ: ‘ఫుట్స్’, ‘చైల్డ్స్’ అంటున్నాడంటే వెనకబడుతున్నాడు.

వాస్తవం: ముందుకే వెళ్తున్నాడు. మొన్నటిదాకా ‘ఫీట్’ అన్న పిల్లాడు ఇవాళ ‘ఫుట్స్’ అంటే నియమం పట్టుబడిందన్నమాట. తిట్టకుండా, ‘అవును, యువర్ ఫీట్ ఆర్ డర్టీ, కడుక్కురా’ అంటే సరి. సరైన మాట చెవిన పడుతుంది, కాళ్ళూ శుభ్రపడతాయి.

అపోహ: తెలుగు అర్థం చెప్పేస్తే ఏకవచనమో బహువచనమో దానికదే తెలుస్తుంది.

వాస్తవం: నా అనుభవంలో అసలు చిక్కంతా ఇక్కడే, గ్రామర్ పుస్తకాలు దీన్ని ముట్టుకోనైనా ముట్టుకోవు. మనకి నీళ్ళు బహువచనం, పాలు బహువచనం. ‘నీళ్ళు వేడిగా ఉన్నాయి’ అనే పిల్ల ‘వాటర్ ఆర్ హాట్’ అంటుంది. తన భాషలో తను కరెక్టే. బియ్యం చివర ‘లు’ లేకపోయినా ‘బియ్యం అయిపోయాయి’ అంటాం, కాబట్టి రైస్ కూడా ‘ఆర్’ అవుతుంది. జుట్టు ఒకటే అయినా వెంట్రుకలు బోలెడు, దాంతో ‘హెయిర్స్’ వచ్చేస్తాయి. అటువైపు కత్తెర మనకి ఒకటి, ఇంగ్లీషులో అది ‘సిజర్స్’. కళ్ళజోడు కూడా అంతే.

ఇంకోటి, నాకు చాలా ఏళ్ళు తట్టలేదు. ఒక పాప రోజూ ‘టీచర్ ఆర్ కమింగ్’ అనేది. ఎన్నిసార్లు దిద్దినా అదే పాట. చివరికి తెలుగులో చెప్పమంటే ‘టీచర్ వస్తున్నారు’ అంది. మర్యాద కోసం బహువచనం వాడటం ఇంట్లో నేర్పిన సంస్కారం, దాన్నే ఇంగ్లీషులోకి తెచ్చుకుంది. ‘ఇంగ్లీషులో తాతయ్యకీ ఈజే, తమ్ముడికీ ఈజే’ అని చెప్పాను. కాస్త అనుమానంగానే ఒప్పుకుంది.

అపోహ: ‘బుక్సులు’, ‘షూసులు’ అనే ఇంట్లో పిల్లల ఇంగ్లీషు పాడైపోతుంది.

వాస్తవం: బహువచనం మీద బహువచనం వేయడం మన ఒక్కరి అలవాటే కాదు. ‘చిల్డ్రన్’ అనే మాట పుట్టుకే అది. పాత ఇంగ్లీషులోనే ఆ మాటకి ‘ర’కారంతో బహువచనం ఉండేది. అది చాలదన్నట్టు తర్వాతివాళ్ళు దానికి ఇంకో ‘ఎన్’ తగిలించారు. అంటే అది వాళ్ళ ‘షూసులు’!

అపోహ: ఆక్స్–ఆక్సెన్, కాక్టస్–కాక్టై లాంటివన్నీ ఒకటో తరగతిలోనే వచ్చేయాలి.

వాస్తవం: అక్కర్లేదు. మ్యాన్, ఉమన్, చైల్డ్, ఫుట్, టూత్, మౌస్ చాలు. ‘ఉమన్’ దగ్గర మాత్రం కాసేపు ఆగండి. అక్షరం మారేది చివర, కానీ చెవికి తెలిసే తేడా మొదట్లో ఉంటుంది: ఉమన్, విమిన్. టీచర్లమే చాలామందిమి దీన్ని తప్పు పలుకుతాం.

క్లాసులో నాకు కావాల్సిన సరంజామా చింతపిక్కలు, సీసా మూతలు, పిల్లల సొంత బ్యాగులు. గుప్పిట్లో ఒకటి పెట్టుకున్నానా, ఎక్కువ పెట్టుకున్నానా అన్నది పిల్లలు నా మాట విని చెప్పాలి. ‘సీడ్’ అన్నానో ‘సీడ్స్’ అన్నానో జాగ్రత్తగా వింటేనే గెలుపు.

ఆమధ్య ‘ట్రౌజర్స్’ దగ్గర ఒక బుడతడు లేచి, ప్యాంటు ఒకటే కదా, ఎస్ ఎందుకని అడిగాడు. రెండు కాళ్ళుంటాయి కదరా అన్నాను, గొప్పగా చెప్పాననుకుంటూ. ‘మరి చొక్కాకీ రెండు చేతులుంటాయి కదా టీచర్?’ అన్నాడు. బెల్లు కొట్టబట్టి బతికిపోయాను.